రోస్టర్ రిజిస్టరు

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ఇరవై మూడేళ్లు పనిచేశాను. అధ్యాపక పోస్టుల ప్రకటన చిత్తుప్రతి మా బల్ల మీదే తయారయ్యేది. 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చాక, పీజీ చదివిన మా జిల్లా పిల్లలకు ఆ ప్రకటనే ఆశ.

ప్రకటనకు ప్రాణం రోస్టర్ రిజిస్టరు. ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికి వెళ్లాలో చెప్పే వంద గళ్లు. నా రోజుల్లో మొదటి పాయింటు ఓసీ మహిళది, రెండోది ఎస్సీ మహిళది. కిందటిసారి ఆగిన చోటినుంచే లెక్క మొదలవ్వాలి. 2007లో బీసీ-ఇకి నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు గళ్లన్నీ మళ్లీ రాసుకున్నాం. రోస్టర్‌కు ఏ పోస్టుల గుంపును యూనిట్‌గా తీసుకోవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2018 మార్చిలో యూజీసీ ఒక్కో శాఖనే యూనిట్ చేయమంది. శాఖలో ఉండేదే రెండు పోస్టులైతే ఎస్టీ పాయింటు ఎన్నటికి రావాలి? అది అన్యాయం. 2019లో పార్లమెంటు చట్టం చేసి, కేంద్ర సంస్థల్లో మొత్తం విశ్వవిద్యాలయాన్నే యూనిట్ చేసింది.

రోస్టర్ ఒక్కటే కాదు, ప్రకటనలో మాటా ముఖ్యమే. ఒకసారి అర్హత దగ్గర ‘సంబంధిత సబ్జెక్టు’ అని మాత్రమే రాశాం. పలమనేరు అమ్మాయి డీడీ తీసి, మూడు సెట్ల జిరాక్సులు జతచేసి పంపింది. ఆమెది అనుబంధ సబ్జెక్టని దరఖాస్తును స్క్రూటినీలో తీసేశారు. ఆమె పేపరు కత్తిరింపు నా ముందర పరిచి, ‘‘అనుబంధ సబ్జెక్టు పనికిరాదన్న మాట దీంట్లో యాడుండాది సార్?’’ అని అడిగింది. నేను మళ్లీ మళ్లీ చదివాను. లేదు.

తర్వాతి ప్రకటన నుంచి అనుబంధ సబ్జెక్టులన్నీ పేరుపేరునా రాయించాను.