గోదావరి కాలువలును గ్రామ పాఠశాలలును

గోదావరి మండలముల సౌభాగ్యమును గూర్చి ప్రసంగించువా రెవ్వరును ధవళేశ్వరపు ఆనకట్టను స్మరింపక మానరు. అది న్యాయమే. పెక్కు గ్రామములలో కాటన్ దొర విగ్రహములు నిలిచియుండుట మన రైతుల కృతజ్ఞతకు నిదర్శనము. కాని ఆనకట్ట ముగిసిన రెండేండ్లకే ఆ డెల్టాలోనే మొలకెత్తిన వేఱొక ప్రయత్నమును మనము దాదాపుగా మఱచితిమి. రైతులు తమ బిడ్డల చదువుకై శిస్తుపైని మఱికొంత సొమ్ము చెల్లించుట కంగీకరించిన వృత్తాంతమది. దానికి విగ్రహము లేదు. నీటివలన దేశ మెంతవఱకు బాగుపడును, ఎచ్చట నీటిపని ముగిసి చదువుపని మొదలగును అను ప్రశ్నలకు ఆ వృత్తాంతమున సమాధానము కలదు. కావున దానిని చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆనకట్టకు ముందటి కాలమును తలచుకొనుడు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వచ్చిన కఱవు పేరు చెప్పిన చాలును, తరువాతి తరములవారు సయితము ఉలికిపడుచుండిరి. గోదావరి నిండుగ ప్రవహించి సముద్రమున గలియుచుండగనే దాని యొడ్డుననున్న చేలు బీటలువాఱెను. నది లేకపోవుటవలన గాక నదినీరు చేని మట్టమున కెక్కకపోవుటవలన వచ్చిన దుఃఖ మది. వరద వచ్చినపుడు ఊళ్లు మునుగును. వరద తీసినపుడు పైరు మాడును. 1839 నవంబరున కోరంగిపై విఱుచుకుపడిన ఉప్పెన మిగిలినదానిని గూడ ఊడ్చివేసెను. నేతపనివారి సంగతియు నట్టిదే. ఒకప్పుడు విదేశములకు బట్టల నంపిన మాధవాయపాలెము, ఇంజరము వర్తకస్థానములు ఆ శతాబ్దపు పూర్వార్ధముననే మూతపడెను. చేనికి నీరును మగ్గమునకు బేరమును లేనివాడు శిస్తు నెట్లు చెల్లించును? జిల్లా దుస్థితిని విచారించుటకై 1843లో నియుక్తుడైన హెన్రీ మాంట్‌గొమరీ మఱుసటి యేట సమర్పించిన నివేదికలో నీటిపారుదల పనులు చేపట్టవలసినదని గట్టిగా సూచించెను.

నాటి చదువు స్థితి యెట్టిదో తెలియుటకు అదృష్టవశమున అంకెలు కలవు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో యాజ్ఞపై జిల్లాలవారిగా తీసిన లెక్కలలో, 1823 నాటి రాజమహేంద్రవరపు జిల్లాయందు 291 పాఠశాలలును వానిలో 2,658 మంది విద్యార్థులును ఉండిరి. శాస్త్రములు చెప్పు ఉన్నత విద్యాస్థానములు 279, వానిలో చదువువారు 1,454 మంది. జనసంఖ్య 7,38,308. అనగా వీథిబడిలో కూర్చున్నవాడు ఇంచుమించుగ 278 మందికి ఒక్కడు. ఇండ్లలో చదువుకొనువారిని చేర్చినచో ఈ లెక్క కొంత పెరుగవచ్చును. కాని మేము చదువరుల దృష్టిని వేఱొక అంకెపై నిలుపగోరుచున్నాము. ఆ 2,658 మందిలో బాలికలు 37 మంది మాత్రమే. ఆ బడులు ఇంటివా రిచ్చు ధాన్యముపైనను దుడ్డుపైనను ఆధారపడినవి. గాదె వట్టిపోయిన యేట పంతులుగారి జీత మెక్కడనుండి వచ్చును? కావున ఆ నాటి విద్య పంటకు బందీయై యుండెను.

ఇట్టి సమయమున ఆర్థర్ కాటన్ వచ్చెను. అతడు అంతకుముందు తంజావూరు ప్రాంతమున కొల్లడముపై ఆనకట్టలు కట్టి అనుభవము గడించినవాడు. కావేరిపై మన పూర్వులు కట్టిన కల్లణను పరిశీలించి, ఇసుకలో పునాది నెట్లు నిలుపవలయునో ఆ ప్రాచీన శిల్పులనుండి నేర్చుకొంటినని చెప్పుకొనుటకు అతడు సిగ్గుపడలేదు. 1846లో అనుమతి లభింపగా 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసెను. నది నడుమ నున్న లంకల నాధారముగ గొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ కట్టడము సాగెను. వేలకొలది కూలీలను సమకూర్చి పని నడిపించుటలో కాటనుకు కుడిభుజమై నిలిచిన వీణెం వీరన్నగారిని నేటికిని గోదావరి వాసులు స్మరించుచున్నారు. గన్నవరమువద్ద నదీపాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టు కోనసీమలోని లంకభూములకు నీరిచ్చెను.

ఆనకట్ట యనగా నీటిని నిలువచేయు చెఱువని కొందఱు భ్రమించుచుందురు. అది నదిమట్టమును కొంత ఎత్తి, లాకులగుండ కాలువలలోనికి మళ్లించు గోడ మాత్రమే. డెల్టాలో నదీపాయల యొడ్డులు ఎత్తుగను వానికి దూరముగ నున్న భూమి పల్లముగను ఉండును. కావున మెరకమీదుగ కాలువలు త్రవ్విన నీరు తనంతట పొలములకు దిగును. పల్లమున త్రవ్విన మురుగుకాలువ మిగిలిన నీటిని సముద్రమునకు చేర్చును. ఆ కాలువలే పడవలకు బాటలైనవి. ధాన్యము ఊరినుండి రేవునకు చౌకగ చేరెను. మెట్టచేలు మాగాణులైనవి. కఱవుసీమ యన్నపూర్ణ యయ్యెను.

అయితే, నీటితోపాటు క్రొత్త చిక్కులును వచ్చెను. పంట తినుటకు మాత్రమే యున్నంతకాలము రైతునకు అక్షరములతో అంతగా పనిలేదు. పంట అమ్మకపు సరుకు కాగానే పట్టా, రసీదు, ప్రామిసరీ నోటు, నీటితీరువ లెక్క, షావుకారు చిట్టా, ఇవన్నియు ఇంటిలోనికి వచ్చెను. వానిని చదువనేరనివాడు కరణము చెప్పినదే లెక్కయని నమ్మవలయును; షావుకారు వ్రాసినదే బాకీయని వ్రేలిముద్ర వేయవలయును. చేనికి నీరు పాఱినను ఫలము మాత్రము లెక్క తెలిసినవాని యింటికి పాఱుచుండెను. ఈ యర్థశాస్త్రమును గ్రహించుటకు రైతులకు ఏ గ్రంథమును అక్కఱలేకపోయినది.

1854లో రాజమహేంద్రవరపు సబుకలెక్టరుగా నుండిన జి. ఎన్. టెయిలరు దొర నరసాపురమునను, దాని పొరుగున నున్న పాలకొల్లు, ఆచంట, పెనుగొండలయందును పాఠశాలలను నెలకొల్పించెను. వానిని చూచి చుట్టుపట్ల గ్రామములవారు తమ యూళ్లకును అట్టివి కావలయునని కోరిరి. వట్టి కోరికతో ఊరకుండక, శిస్తుపైని కొంతభాగమును బడి ఖర్చులకై చెల్లింతుమని ముందుకువచ్చిరి. ఇంగ్లండునందు ప్రభువులు చార్లెస్ వుడ్ విద్యాపత్రమును వ్రాసి హిందూదేశమున కంపినది ఆ 1854లోనే. అచట ప్రజలకు విద్య నెట్లు చెప్పింపవలయునని తర్కించుచుండగా, ఇచట గోదావరి కాలువగట్టున మట్టి పిసికిన చేతులు మా చదువునకు మేమే సొమ్మిత్తుమని చాపబడెను. మన విద్యాచరిత్రలో ఇంతకన్న గౌరవనీయమైన ఘట్టములు మిక్కిలి యుండవు.

ఈ ప్రయత్నము చిరకాలము నిలువకపోవుటకు కారణ మేమి? సొమ్ము శిస్తుతో కలిపి వసూలు చేయబడెను. శిస్తు వసూలుచేయు ఉద్యోగియే చదువుసొమ్మును గూడ అడిగినపుడు, ఇచ్చువాని కంటికి రెండును ఒక్కటిగనే కనబడును. 1859లో స్టాన్లీ ప్రభువు పంపిన ఉత్తరువు ప్రాథమిక విద్యకై నిర్బంధపు పన్నును సూచించెను. మద్రాసు ప్రభుత్వము 1863లో, ప్రజలు తమంతట కోరినచో మాత్రమే ఇట్టి పన్నును విధించుటకు వీలగునట్లు ఒక శాసనము చేసి, గోదావరి పద్ధతికి న్యాయబలము కూర్చ జూచెను. కాని ఆ శాసనము రాజధానిలో వ్యాపింపలేదు. 1871 నాటి స్థానిక నిధుల శాసనముతో బడుల పోషణము స్థానిక బోర్డుల క్రిందికి పోయెను.

పన్ను పెద్దదగుటవలన ఈ ప్రయత్నము చెడలేదనియు, ఇచ్చువానికిని బడికిని నడుమ సంబంధము తెగుటయే ముఖ్యహేతువనియు మా యభిప్రాయము. ఊరి పెద్దలు నలుగురు ఒప్పుకొనిన మాట ఊరందఱి యొప్పుదల కాదు. తన సొమ్ము ఏ బడికి పోయెనో, ఏ పంతులు రాలేదో, ఏ బిడ్డ చదివెనో అడుగు హక్కు లేనిచోట, ఉత్సాహముతో నిచ్చిన చందాయే మూడవ యేట మూలుగుచు నిచ్చు పన్నగును.

ఇంకొక లోపము కలదు. శిస్తు చెల్లించువాడు రైతు. మఱి శిస్తు చెల్లింపని పాలేరు బిడ్డ మాట యేమి? నడుములు వంచి నాట్లు వేసిన స్త్రీ మాట యేమి? ఆనకట్ట వచ్చి తరములు గడచినను, కాకినాడ, కోరంగి రేవులనుండి తెలుగు కూలీలు రంగూనుకు ఓడలెక్కి పోవుచునే యుండిరి. అన్నపూర్ణయని పేరొందిన సీమలో అన్నమునకై సముద్రము దాటినవారు వీరు. ‘నీరు పల్లమెఱుగు’నని మన సామెత. చదువు మాత్రము తానై పల్లమెఱుగదు. దానికి ప్రత్యేకముగ కాలువ త్రవ్వవలయును. అట్టి కాలువను త్రవ్వినవారిలో మొదటివాడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఏ ధవళేశ్వరమున గోదావరికి గోడ కట్టబడెనో ఆ ధవళేశ్వరముననే, ఇరువది రెండేండ్లకు పిమ్మట, 1874లో ఆయన బాలికాపాఠశాలను స్థాపించెను. ఆనకట్టకు ప్రభుత్వపు సొమ్మును రాతికొండలును తోడైనవి; ఈ బడికి ఎగతాళియే తోడు. అయినను నిలిచెను.

చదువు పొలమునకు చేసిన మేలును గూడ గమనింపుడు. చెఱకుతోటలకు ఎఱ్ఱకుళ్లు తెగులు సోకి రైతులు నష్టపోవుచున్న కాలమున, 1902లో సామర్లకోటయందు ప్రయోగక్షేత్రము వెలసెను. 1925లో మార్టేరునందు వరి పరిశోధనాస్థానము నెలకొనెను. అచటనుండి 1982లో వెలువడిన స్వర్ణ యను వరివంగడము డెల్టాను దాటి తూర్పు రాష్ట్రములకును బంగాళాదేశమునకును వ్యాపించెను. ఒక్క విత్తనపు వెనుక ఎన్నియేండ్ల చదువు దాగియున్నదో ఇది తెలుపుచున్నది.

ఇంత జరిగినను 2011 సార్వాకాలమున కోనసీమ రైతులు, గిట్టుబాటు ధర లేదనియు, మురుగు పోవు దారి లేదనియు, పండించిన కొలది నష్టమేయనియు వేల యెకరములను సాగుచేయక విడిచి పంటవిరామము ప్రకటించిరి. ప్రభుత్వము మోహన్ కందా గారి యధ్యక్షతను విచారణసంఘమును నియమింపవలసివచ్చెను. కాలువలో నీరున్నది, విత్తనమున్నది, చేయి మాత్రము వెనుదీసెను. ఇక నేలను దున్నువారిలో పెక్కుమంది కౌలుదారులు. వారికి గుర్తింపుకార్డు లిచ్చు చట్టము 2011లో ఒకటియు, 2019లో సాగుదారుల హక్కుల చట్టము మఱియొకటియు వచ్చెను. హక్కు కాగితముపై వచ్చినపుడు కాగితమును చదువుట హక్కులో సగము. టెయిలరు కాలపు రైతునకు పట్టా యెట్టిదో, నేటి కౌలుదారునకు ఈ కార్డు అట్టిది.

అందుచేత గృహస్థులగు మా చదువరులకు ఒక్క మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్యసంఘములను నిర్ణయించినది. అందు మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులును సంరక్షకులును కావలయును. మొత్తము సభ్యులలో సగము స్త్రీలు కావలయును. 1854 నాటి రైతులకు లేక చెడినది సరిగా ఇదియే: ఇచ్చినవాడు లెక్క యడుగు చోటు. నేడు ఆ చోటు చట్టమున కలదు, కాని కూర్చొనువారు లేక కుర్చీలు వట్టివై యుండుట పలుచోట్ల సంభవించుచున్నది. మీ యూరి బడిసంఘపు సమావేశమునకు పోవుడు. మీ యింట పనిచేయు స్త్రీ తన బిడ్డ చదువు బడిసంఘములో సభ్యురాలేమో విచారింపుడు. కాకున్నచో ఆమెను తోడ్కొని పోవుడు. పంతుళ్లెందఱు, పుస్తకములు వచ్చినవా, మధ్యాహ్న భోజనపు బియ్యమెట్లున్నది అని ఆమె నోటనే అడిగింపుడు. 1823లో 37 మంది బాలికలతో నిలిచిన లెక్కను ఇంతవఱకు తెచ్చిన కాలువ ఇంకను పల్లపు పొలముల కన్నిటికిని చేరలేదు.