కొండదారులు చెప్పే చరిత్ర: ఇంగ్లండ్ పీక్ డిస్ట్రిక్ట్ కాలిబాటలు

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కాలిబాటను చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు.
• పారిశ్రామిక విప్లవం ఒక కొండ ప్రాంతాన్ని ఎలా మార్చిందో చెప్పగలుగుతారు.
• నడక హక్కు కోసం కార్మికులు చేసిన పోరాటాన్ని అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

చరిత్రకు ఆధారాలేమిటని అడిగితే మీరు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు అని జవాబు రాస్తారు. ఆ జాబితాలో సాధారణంగా చోటు దక్కనిది దారి. నిజానికి దారి కూడా ఒక దస్తావేజే. జనం ఏ పని మీద నడిచారు, ఏమి మోశారు, వారిని ఎవరు అడ్డుకున్నారు అనే సంగతులు దారిలో నమోదై ఉంటాయి.

ఉదాహరణకు ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌ను తీసుకుందాం. ఇది మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య, పెనైన్ కొండల దక్షిణపు కొసన ఉన్న ప్రాంతం. ఈనాడు అక్కడికి నడక కోసం వచ్చేవారికి పచ్చిక బయళ్లు, రాతి గోడలు, వాగులు కనిపిస్తాయి. ఇదంతా ప్రకృతి సౌందర్యమేనని వారు అనుకోవడం సహజం. కాని అక్కడి దారుల్లో అనేకం పని కోసం ఏర్పడినవి. మరికొన్ని, నడవనివ్వమని జనం పోరాడితే తెరుచుకున్నవి. ఈ రెండు విషయాలనూ వరుసగా పరిశీలిద్దాం.

2. బరువులు మోసిన బాటలు

రైళ్లు, మంచి రోడ్లు రాకముందు ఈ కొండల మీదుగా సరుకు గుర్రాల వీపు మీదే సాగేది. పశ్చిమాన ఉన్న చెషైర్ ఉప్పు, స్థానికంగా తవ్విన సీసం, ఉన్ని, ధాన్యం ఈ బాటలపైనే కదిలాయి. గుర్రాల బిడారును నడిపేవారిని 'జాగర్లు' అనేవారు. ఈడేల్ లోయలోని 'జాగర్స్ క్లఫ్' అనే వాగులోయ పేరులో ఆ వృత్తి నేటికీ మిగిలి ఉంది. మన దేశంలో ఎద్దుల మీద పెరికెలు వేసి తీరం నుంచి దక్కనుకు ఉప్పు చేరవేసిన లంబాడీలను గుర్తుచేసుకుంటే ఈ వ్యవస్థ మీకు సులభంగా అర్థమవుతుంది.

ఆనాటి రాతి వంతెనలు ఇరుకుగా ఉంటాయి. వాటి పక్కగోడలు చాలా తక్కువ ఎత్తులో ఉంటాయి. గుర్రానికి రెండు వైపులా వేలాడే మూటలు గోడకు తగలకూడదనే అలా కట్టారు. చూడముచ్చటగా ఉందని నేటి నడకరి ఫొటో తీసుకునే వంతెన ఆకారాన్ని నిర్ణయించింది మూటల వెడల్పు.

స్టానేజ్ అనే కొండ అంచు కింద గుండ్రంగా చెక్కిన తిరగలి రాళ్లు గడ్డిలో పడి ఉంటాయి. గిరాకీ పడిపోయినప్పుడు అమ్ముడుపోకుండా మిగిలినవి అవి. నేటి జాతీయ ఉద్యానవనపు చిహ్నం కూడా తిరగలి రాయే.

3. నీటి చక్రాలు, పసి చేతులు

1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్ గ్రామంలో నీటిశక్తితో నడిచే నూలు మిల్లును ప్రారంభించాడు. నగరాన్ని వదిలి కొండ గ్రామానికి ఎందుకు వెళ్లాడు? యంత్రాలు తిప్పడానికి పారే నీరు కావాలి. క్రామ్‌ఫర్డ్‌లో వాగు నీటితోపాటు, సీసపు గనుల నుంచి కాలువ ద్వారా బయటికి వదిలే గోరువెచ్చని నీరు కూడా దొరికింది. అది చలికాలంలో గడ్డకట్టదు. అంటే పాత పరిశ్రమ వదిలేసిన నీరు కొత్త పరిశ్రమను నడిపిందన్న మాట.

ఈ కథకు మన తీరంతో సంబంధం ఉంది. భారతదేశపు అద్దకపు బట్టల పోటీకి భయపడి ఇంగ్లండ్ 1700లో వాటి దిగుమతిని, 1721లో అద్దకపు నూలు బట్టల వాడకాన్ని చట్టం ద్వారా నిషేధించింది. ఆర్క్‌రైట్ అభ్యర్థన మీద 1774లో ఇంగ్లండ్‌లో తయారైన నూలు బట్టలకు మాత్రం ఆ ఆంక్ష తొలగించారు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీకి ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఊరి పేరుతోనే 'మడపోలం' అనే బట్ట ప్రసిద్ధి చెందింది. తరువాతి కాలంలో ఇంగ్లండ్ మిల్లులు అదే పేరుతో బట్ట నేసి అమ్మాయి. నేతగాడి చేతి నుంచి పని పోయింది, ఊరి పేరు మాత్రం మిల్లు బట్ట మీద మిగిలింది.

ఇంగ్లండ్‌లో దీని భారం ఎవరి మీద పడింది? కొండ లోయల్లో జనం తక్కువ. అందువల్ల కొందరు యజమానులు పట్టణాల్లోని పేదల ఆశ్రమాల నుంచి అనాథ పిల్లలను 'అప్రెంటిస్'ల పేరుతో తెప్పించుకున్నారు. లండన్ ఆశ్రమం నుంచి వచ్చిన రాబర్ట్ బ్లింకో బాల్యంలో కొంత భాగం వై నది ఒడ్డున ఉన్న లిటన్ మిల్లులో గడిచింది. అక్కడి దెబ్బలు, ఆకలి, సుదీర్ఘమైన పనిగంటల గురించి అతడు చెప్పిన వివరాలను జాన్ బ్రౌన్ గ్రంథస్థం చేశాడు. అది 1832లో పుస్తకంగా వెలువడింది. ఫ్యాక్టరీ సంస్కరణల కోసం ఆందోళన సాగుతున్న రోజుల్లో వచ్చిన పుస్తకం కనుక దానిని ఇతర ఆధారాలతో పోల్చి చదవాలి. అలాగని పక్కన పెట్టకూడదు. ఆ వర్గం గొంతు మనకు వినిపించే సందర్భాలు చాలా అరుదు. 1833 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లల పనిని నిషేధించింది. పట్టు మిల్లులను మాత్రం మినహాయించింది.

4. కొండలెక్కిన రైలు

క్రామ్‌ఫర్డ్–హై పీక్ రైలు మార్గం 1831 నాటికి పూర్తయింది. సుమారు 53 కిలోమీటర్ల ఈ మార్గం కొండలకు రెండు వైపులా ఉన్న రెండు కాలువలను కలిపింది. మొదట కాలువ తవ్వాలనే ఆలోచన ఉండేది. కొండల మీద అంత నీరు దొరకదు కనుక పట్టాలు వేశారు. నిటారు వాలుల దగ్గర, పైన స్థిరంగా అమర్చిన ఆవిరి యంత్రాలు బండ్లను పైకి లాగేవి. మిడిల్‌టన్ టాప్ వద్ద 1829 నాటి యంత్రాన్ని నేటికీ భద్రపరిచారు. 1860లలో వై లోయ గుండా మరో రైలు మార్గం వచ్చింది. లోయ అందం పాడైందని జాన్ రస్కిన్ తీవ్రంగా విమర్శించాడు.

5. మూసిన కొండ, తెరిచిన కొండ

మిల్లులు పెరిగిన కాలంలోనే ఉమ్మడి భూములు ప్రైవేటు ఆస్తిగా మారాయి. ఎన్‌క్లోజర్ చట్టాలతో కొండ మీది బీడు భూములకు గోడలు లేచాయి. వాటిలో గ్రౌస్ అనే పక్షులను పెంచి భూస్వాములు వేటాడేవారు. ఏడాదిలో కొద్ది రోజుల వేట కోసం కాపలాదారులు మిగతా రోజుల్లోనూ జనాన్ని అడ్డుకునేవారు. వారమంతా పొగలో పనిచేసే మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులకు ఆదివారం కొండగాలి దూరం నుంచి చూసేదిగానే మిగిలింది.

1932 ఏప్రిల్ 24, ఆదివారం నాడు కొన్ని వందల మంది యువ కార్మికులు హేఫీల్డ్ నుంచి బయలుదేరి కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. నాయకుడు బెన్నీ రాత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. కాపలాదారులతో తోపులాట జరిగింది. అప్పటి చట్టంలో ఇతరుల భూమిలోకి నడవడం దానికదే నేరం కాదు. అందుకే అల్లర్ల వంటి అభియోగాలు మోపారు. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ ఒక్క సంఘటనే చట్టాన్ని తెచ్చిందని రాయకండి. మాంచెస్టర్‌లో కాలిబాటల పరిరక్షణ సంఘం 1826లోనే ఏర్పడింది. కొండలపై ప్రవేశం కోరుతూ జేమ్స్ బ్రైస్ 1884లో పార్లమెంటులో బిల్లు పెట్టాడు. 1932 నాటి ప్రధాన నడక సంఘాల నాయకులు ఈ చర్యను సమర్థించలేదు కూడా. అయితే శిక్షల కఠినత్వం ప్రజల సానుభూతిని పెంచింది. వినతిపత్రాలు, సంఘాలు, ధిక్కారం అన్నీ కలిసి 1949 జాతీయ ఉద్యానవనాల చట్టానికి దారితీశాయి. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్ మొదటి జాతీయ ఉద్యానవనమైంది. ఈడేల్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాటి సాగే సుమారు 430 కిలోమీటర్ల పెనైన్ వే 1965 ఏప్రిల్ 24న ప్రారంభమైంది. బీడు కొండలపై స్వేచ్ఛగా నడిచే హక్కు 2000 నాటి చట్టంతో విస్తరించింది. 2002లో డెవన్‌షైర్ డ్యూక్ తన తాత చేసిన పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

6. పట్టాలు తీసిన చోట

హై పీక్ రైలు మార్గం 1967లో, వై లోయ మార్గం 1968లో మూతపడ్డాయి. మొదటిది హై పీక్ ట్రైల్‌గా, రెండవది మాన్సల్ ట్రైల్‌గా మారాయి. మాన్సల్ ట్రైల్ సొరంగాలను 2011లో నడకరులకు తెరిచారు. రస్కిన్ తప్పుపట్టిన మార్గంలోని వంతెనే నేడు ఆ లోయకు అందమని జనం చూడవస్తున్నారు. ఆ బాట మీది నుంచే లిటన్ మిల్లు కూడా కనిపిస్తుంది. ఇప్పుడది నివాస గృహాల భవనం. బ్లింకో పేరు తెలియనివారు దానిని నది ఒడ్డున ఒక చక్కని కట్టడంగా చూసి ముందుకు సాగుతారు. శ్రమ జరిగిన చోటు విహారస్థలంగా మారినప్పుడు కట్టడం దక్కుతుంది, శ్రమ మరుగున పడుతుంది. దానిని గుర్తుచేయడమే చరిత్ర విద్యార్థి పని.

7. సారాంశం

పీక్ డిస్ట్రిక్ట్ బాటలు మొదట సరుకు మోశాయి, తరువాత మిల్లులకు, రైళ్లకు ఉపయోగపడ్డాయి, చివరకు విహారానికి తెరుచుకున్నాయి. ఆ హక్కును సాధించడంలో మిల్లు పట్టణాల శ్రామికుల పాత్ర ముఖ్యమైనది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. నూలు మిల్లులు కొండ లోయల్లో వెలియడానికి కారణాలేవి?
2. 1949 చట్టానికి 1932 సంఘటన ఒక్కటే కారణమా? చర్చించండి.
3. మీ ఊరిలో ఒక పాత దారిని, కాలువ గట్టును లేదా మూతపడిన మిల్లు బాటను ఎంచుకోండి. దానిని ఎవరు వేశారు, ఏమి మోశారు, ఎవరికి ప్రవేశం లేకపోయింది అని పెద్దలను అడిగి ఒక పేజీకి మించకుండా రాయండి.