రాగిరేకులు లేని వాగ్గేయకారులు

మాటా తానే కట్టి, వరసా తానే కూర్చి, తన గొంతుతోనే పాడేవాణ్ణి మన పెద్దలు వాగ్గేయకారుడన్నారు. ఆ మాట వినగానే మనకు అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య గుర్తుకొస్తారు. కానీ ఆ నిర్వచనానికి అక్షరాలా సరిపోయేవారు మన కాలంలోనూ, మన పల్లెల్లోనే పుట్టారు. వాళ్ళ పాటలు మనకు తెలుసు, పేర్లే తెలియవు.

అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. దొరికినవి అందులో సగంకన్నా తక్కువ. అవైనా దక్కాయంటే, రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచడం వల్లనే. 1922లో అవి మళ్ళీ వెలుగు చూశాయి. పల్లెపాట కట్టినవాడికి రాగిరేకు లేదు, గుడిలో అరా లేదు. జనం నోరే అతని భాండాగారం.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గారు పశువులు కాసే పసి జీతగాడి మీద పాట కట్టారు. బండి యాదగిరి గారు నిజాం మీద కట్టారు. ఈ రెండు పాటలూ గౌతం ఘోష్ తీసిన 'మాభూమి' (1979) సినిమాలో వినిపించాయి. యాదగిరి గారి పాటను తెరమీద గద్దర్ పాడారు. ఆ పాట గద్దర్‌దే అనుకునేవారు నేటికీ ఉన్నారు. అందులో గద్దర్ తప్పేమీ లేదు. నోటినుంచి నోటికి పోయే పాటలో ముందుగా జారిపోయేది కట్టినవాడి పేరే.

పార్వతీపురం ప్రాంతంలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు. యంత్రం నడక వెనుక ఎవరి చెమట ఉందో ఉత్తరాంధ్ర యాసలో పాడారు. మాలాంటి ఇంజనీర్లకు ఏ పుస్తకమూ చెప్పని పాఠమది. 2020లో ఆయన వెళ్ళిపోయారు. 'ఊరు మనదిరా' కట్టిన గూడ అంజయ్య గారు 2016లోనే పోయారు. చేతివృత్తులు కూలిన పల్లె కన్నీటిని పాడిన గోరటి వెంకన్న గారికి 2021 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అంత గుర్తింపు అందరికీ దక్కలేదు.

మేముండే అల్ ఐన్ ఎడారి ఊరు. ఒంటెల మీద సాగుతూ బెదూయిన్లు పాడుకునే 'తగ్రూద' ఇక్కడివారి సొత్తు. ఒక జట్టు ఎత్తుకుంటే ఇంకో జట్టు అందుకుంటుంది, అచ్చం మన నాట్లపాటకు వంత పాడినట్టే. ప్రయాణాలు ఒంటెల నుంచి కార్లకు మారినా వీళ్ళు ఆ పాటను వదులుకోలేదు. ఒమన్‌తో కలిసి 2012లో యునెస్కో జాబితాకెక్కించారు.

మనకు అంత పెద్ద పనులు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు చేసినా ఎవరు, ఎప్పుడు చేశారో నమోదవుతుంది. పాటకు ఆపాటి మర్యాద చేద్దాం. ఉగాది వేదిక మీద మన పిల్లలు పల్లెపాట ఎత్తుకునే ముందు, కట్టినవారి పేరూ ఊరూ చెప్పించండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ, నాయనమ్మ పాడే పాటల్ని ఫోనులో పట్టి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాసిపెట్టండి. వాళ్ళుండగానే అడగాల్సిన ప్రశ్న అది.