హెచ్‌ఎంఐఎస్ బెంగాల్

హెచ్‌ఎంఐఎస్ బెంగాల్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాయల్ ఇండియన్ నేవీకి చెందిన మైన్‌స్వీపర్. ఆస్ట్రేలియాలో కట్టిన 60 బాథర్స్ట్ తరగతి ఓడల్లో ఇదొకటి. వాటిలో నాలుగు భారత నౌకాదళానికి వచ్చాయి. తక్కిన మూడూ పంజాబ్, బొంబాయి, మద్రాస్. సిడ్నీలోని కాకటూ డాక్‌యార్డులో తయారైన బెంగాల్ 1942 ఆగస్టులో సేవలో చేరింది.

శత్రువు నీళ్లలో వదిలిన మైన్లను ఏరివేయడం, వర్తక నౌకల వెంట కాపలాగా వెళ్లడం దీని పని. వేగం 15 నాట్లు. ప్రధాన ఆయుధం ఒకే ఒక్క 12 పౌండర్ ఫిరంగి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే జపాన్ విమానాలు కొలంబోపైన, మన విశాఖపట్నం, కాకినాడల పైన బాంబులు వేసి వెళ్లాయి. హిందూ మహాసముద్రంలో ఏ ప్రయాణమూ క్షేమమని చెప్పలేని రోజులవి.

1942 నవంబరులో బెంగాల్, ఒండినా అనే డచ్ ట్యాంకర్‌కు తోడుగా ఫ్రీమాంటిల్ నుంచి డీగో గార్షియాకు బయలుదేరింది. 11వ తేదీన కోకోస్ దీవులకు నైరుతి దిశలో జపాన్ ఓడలు హొకొకు మారు, ఐకొకు మారు ఎదురయ్యాయి. ఒక్కొక్కటి పదివేల టన్నులు దాటిన ఓడ. వాటి ఫిరంగుల ముందు బెంగాల్ ఫిరంగి ఏ లెక్కకూ రాదు. అయినా బెంగాల్ అధిపతి లెఫ్టినెంట్ కమాండర్ విలియం జోసెఫ్ విల్సన్ ట్యాంకర్‌ను తప్పించుకు పొమ్మని చెప్పి, తన ఓడను నేరుగా శత్రువు వైపు తిప్పాడు. ఈ ఓడ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే. దానివల్లే శత్రువు దృష్టి రెండుగా చీలింది.

ఒండినా పూర్తిగా పారిపోలేదు. తనకున్న ఒక్క నాలుగంగుళాల ఫిరంగితో తానూ కాల్పులు జరిపింది. గుండు తగిలి హొకొకు మారుకు నిప్పంటుకుంది. కాసేపటికి భారీ పేలుడుతో అది మునిగిపోయింది. దాన్ని ముంచిన గుండు ఎవరిదన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. ఒండినాదే అనే వాదనకు బలం ఎక్కువ. అంతమాత్రాన బెంగాల్ పాత్ర తగ్గదు.

గుండ్లు నిండుకోవస్తుండగా బెంగాల్ పొగతెర వేసుకుని తప్పుకుంది. ఒండినా కెప్టెన్ విలెమ్ హార్స్‌మన్ ఆ పోరులో మరణించాడు. ఐకొకు మారు ట్యాంకర్‌ను టార్పెడోలతో కొట్టి, పడవల్లోకి దిగిన నావికులపై మెషిన్‌గన్లతో కాల్పులు జరిపి వెళ్లిపోయింది. ఒండినా మునిగిందనే విల్సన్ భావించాడు. కానీ బతికినవాళ్లు మళ్లీ ఓడెక్కి మంటలార్పి, నవంబరు 18న దాన్ని ఫ్రీమాంటిల్ చేర్చారు. బెంగాల్ అంతకు ముందురోజే డీగో గార్షియా చేరింది.

విల్సన్‌కు డీఎస్‌ఓ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్) పతకం లభించింది. స్వాతంత్ర్యం తర్వాత బెంగాల్ భారత నౌకాదళంలో కొనసాగింది. 1960లో దాన్ని తుక్కు కింద విడగొట్టారు.