డిగ్రీ తొలి ఏడాది మనస్తత్వ శాస్త్రం: తరగతిలో ఏం ఉంటుంది, ఏం ఉండదు

ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీలో మనస్తత్వ శాస్త్రాన్ని ఎంచుకునే విద్యార్థుల్లో చాలామందికి అది పూర్తిగా కొత్త సబ్జెక్టు. గణితం, జీవశాస్త్రం, అర్థశాస్త్రం వంటివాటితో పాఠశాల నుంచే పరిచయం ఉంటుంది. మనస్తత్వ శాస్త్రం మాత్రం సినిమాలు, టీవీ చర్చలు, సామాజిక మాధ్యమాల్లోని చిన్న వీడియోల ద్వారా తెలిసి ఉంటుంది. అందువల్ల ఎదుటివారి మనసులోని మాట పసిగట్టడం, కలలకు అర్థం చెప్పడం, తన దిగులుకు తానే కారణం కనుక్కోవడం వంటి ఆశలతో పలువురు చేరుతుంటారు. మొదటి సెమిస్టర్ సిలబస్ వారి చేతికిచ్చేది వేరు: ప్రయోగాలు, గణాంకాలు, పరిభాష, ప్రతి వాదనకూ ఆధారం అడిగే అలవాటు. ఈ తేడా చేరకముందే తెలిసి ఉంటే ఏడాది మధ్యలో నిరాశ తప్పుతుంది.

చరిత్రతో మొదలు

దాదాపు అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ తొలి యూనిట్ శాస్త్ర నిర్వచనం, చరిత్రలకు సంబంధించినదే. మనసు గురించిన ఆలోచన ప్రాచీనమైనదే అయినా, దానిని ప్రయోగశాలలో కొలిచే ప్రయత్నానికి 1879ని ప్రారంభంగా భావిస్తారు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పిన సంవత్సరమది. 1890లో అమెరికాలో విలియం జేమ్స్ గ్రంథం వెలువడింది. 1913లో జాన్ వాట్సన్ కంటికి కనిపించే ప్రవర్తనే శాస్త్ర విషయం కావాలని వాదించారు. సిగ్మండ్ ఫ్రాయిడ్ అచేతన మనసుకు ప్రాధాన్యమిచ్చారు. ఫ్రాయిడ్ పేరు విని చేరినవారు ఆయనకు పాఠ్యపుస్తకంలో దక్కేది కొద్ది పుటలేనని, అందులోనూ విమర్శ పాలు గణనీయమని గమనిస్తారు.

భారతదేశంలోనూ ఈ శాస్త్రానికి శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ అదే నగరంలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. 1924లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఎం.వి.గోపాలస్వామి మరో విభాగానికి రూపమిచ్చారు. తెలుగు నేలపై ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు కృషి ఈ రంగంలో ప్రసిద్ధం.

కష్టమనిపించే యూనిట్: పరిశోధన పద్ధతులు

ఆర్ట్స్ గ్రూపు కదా, లెక్కలు ఉండవని భావించి చేరినవారిని ఆశ్చర్యపరిచేది ఈ భాగమే. సగటు, మధ్యగతం, బాహుళకం, ప్రామాణిక విచలనం వంటివి ఇక్కడ తప్పవు. అయితే అసలు శ్రమ కూడికలూ గుణకారాలూ కాదు, ఆలోచనా క్రమాన్ని మార్చుకోవడం.

ఉదాహరణకు, రాత్రివేళ ఫోను ఎక్కువగా చూసే విద్యార్థులకు నిద్ర తక్కువని ఒక పరిశీలనలో తేలిందనుకుందాం. ఫోనే నిద్రను చెడగొట్టిందని వెంటనే అనిపిస్తుంది. నిద్ర పట్టనివారే ఫోను పట్టుకున్నారేమో. పరీక్షల ఆందోళన ఈ రెండింటికీ కారణమేమో. రెండు అంశాలు కలిసి మారడాన్ని సహసంబంధం అంటారు. ఒకటి మరొకదానికి కారణమని చెప్పాలంటే ప్రయోగం కావాలి. పరిశోధకుడు మార్చే అంశం స్వతంత్ర చరం, దాని ప్రభావాన్ని కొలిచే అంశం పరతంత్ర చరం. ప్రయోగంలో పాల్గొనేవారిని ఏ బృందంలో వేయాలన్నది వారి ఇష్టానికి గానీ పరిశోధకుడి ఇష్టానికి గానీ వదలకుండా యాదృచ్ఛికంగా నిర్ణయించాలి. ఈ ఒక్క తర్కం పట్టుబడితే కోర్సులోని మిగతా యూనిట్లు తేలికవుతాయి. ఇది పట్టుబడనివారికి తక్కినదంతా పేర్లు, తేదీల జాబితాగా మిగిలిపోతుంది.

పాఠ్యాంశాల్లో ప్రధానమైనవి

మెదడు, నాడీ వ్యవస్థ, సంవేదన, ప్రత్యక్షం, అవధానం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగం, ప్రజ్ఞ, మూర్తిమత్వం – క్రమం అటూఇటూ అయినా ఈ శీర్షికలు దాదాపు ప్రతి సిలబస్‌లోనూ కనిపిస్తాయి. వీటిలో అభ్యసనం, స్మృతి యూనిట్లు నిత్యజీవితానికి అతి దగ్గరగా ఉంటాయి.

ఆవకాయ పేరు వినగానే నోట్లో నీళ్లూరడానికి వివరణ రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాల్లో దొరుకుతుంది. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియపై పరిశోధనకు. శాస్త్రీయ నిబంధనం అనే భావన ఆ కృషి నుంచే పుట్టింది. ఫలితాన్ని బట్టి ప్రవర్తన బలపడడాన్ని బి.ఎఫ్.స్కిన్నర్ వివరించారు. పరీక్షల్లో ఎక్కువమంది పొరబడే అంశం ఇక్కడే ఉంది. రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష కాదు. కారులో సీటు బెల్టు పెట్టుకోగానే బీప్ శబ్దం ఆగుతుంది. ఇబ్బంది తొలగినందువల్ల బెల్టు పెట్టుకునే అలవాటు బలపడుతుంది. శిక్ష ప్రవర్తనను తగ్గిస్తుంది, పునర్బలనం ఏ రకమైనదైనా దానిని పెంచుతుంది.

స్మృతి పాఠం హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్‌తో మొదలవుతుంది. అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోయాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. ఒకేసారి గంటల తరబడి చదవడం కన్నా విరామాలిస్తూ చదివితే ఎక్కువ గుర్తుంటుందన్న అంశం ఆ పరంపరలోనిదే. పరీక్ష ముందురోజు రాత్రి మేల్కొని చదివే విద్యార్థికి ఇది పాఠమూ హెచ్చరికా.

జ్ఞాపకం వీడియో రికార్డు వంటిది కాదని 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చూపారు. కార్లు ఢీకొన్న దృశ్యాలు చూపి, వాటి వేగాన్ని అంచనా వేయమన్నారు. ప్రశ్నలో తాకాయి అన్న అర్థమిచ్చే పదం వాడినప్పుడు సగటు సమాధానం గంటకు 31.8 మైళ్లు, బలంగా గుద్దుకున్నాయి అన్న పదం వాడితే 40.8 మైళ్లు. చూసిన దృశ్యం ఒక్కటే, మారింది ప్రశ్నలోని క్రియాపదం. ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలంపై ఆధారపడే పోలీసులకు, న్యాయస్థానాలకు ఈ ఫలితం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

రికార్డు, ప్రయోగశాల, వైవా

సిలబస్‌లో ప్రాక్టికల్స్ ఉన్న కళాశాలల్లో విద్యార్థులు జంటలుగా పనిచేస్తారు. ఒకరు ప్రయోగకర్త, మరొకరు ప్రయోజ్యుడు. సమస్య, పరికల్పన, పరికరాలు, విధానం, అంతఃపరిశీలన నివేదిక, ఫలితాలు, చర్చ అనే వరుసలో రికార్డు రాయాలి. చివర్లో వైవా ఉంటుంది.

తరచూ చేయించే ప్రయోగాల్లో ఒకటి 1889 నాటి ముల్లర్-లయర్ భ్రమ. రెండు గీతలు సమానమే అయినా, కొసల్లోని బాణపు గుర్తులు లోపలికో బయటికో తిరిగి ఉండటంతో ఒకటి పొడవుగా కనిపిస్తుంది. కదిలే పలకను జరుపుతూ రెండూ సమానమనిపించినచోట ఆపమంటారు. తేడాను మిల్లీమీటర్లలో నమోదు చేస్తారు. భ్రమ అని తెలిసిన తర్వాత కూడా కన్ను పొరబడుతూనే ఉంటుంది.

మరొకటి అద్దంలో చూస్తూ నక్షత్రాకారం గీతల మధ్య పెన్సిల్ నడిపించే ప్రయోగం. మొదట చెయ్యి మాట వినదు. పదిసార్లు చేసేసరికి దారికొస్తుంది. ఈ చిన్న పరికరానికి పెద్ద చరిత్ర ఉంది. మూర్ఛ చికిత్స కోసం 1953లో మెదడు శస్త్రచికిత్స చేయించుకున్న హెన్రీ మొలైసన్ అనే అమెరికన్, ఆ తర్వాత కొత్త జ్ఞాపకాలను నిలుపుకోలేకపోయారు. బ్రెండా మిల్నర్ ఆయన చేత మూడు రోజులు ఇదే పని చేయించారు. ముందురోజు చేసిన సంగతి ఆయనకు గుర్తు లేదు. చేతి నైపుణ్యం మాత్రం రోజురోజుకూ పెరిగింది. జ్ఞాపకం ఒక్కటి కాదు, పలు రకాలని వెల్లడించిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది.

ప్రజ్ఞ యూనిట్‌లో భాటియా పరీక్షమాల పేరు వినిపిస్తుంది. చదువురానివారికీ వర్తించేలా, భాషపై ఎక్కువగా ఆధారపడకుండా సి.ఎం.భాటియా 1955లో వెలువరించిన ఐదు ఉపపరీక్షల సమాహారమది.

ప్రసిద్ధ ప్రయోగాలు, వాటిపై ప్రశ్నలు

స్టాన్లీ మిల్‌గ్రామ్ యేల్ విశ్వవిద్యాలయంలో నిర్వహించి 1963లో ప్రచురించిన ప్రయోగం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. అధికారి ఆదేశిస్తే అపరిచితుడికి విద్యుత్ షాక్ ఇస్తారా అన్నది ప్రశ్న. షాక్ నిజమైనది కాదు, ఆ సంగతి పాల్గొన్నవారికి తెలియదు. 40 మందిలో 26 మంది చివరి మీట అయిన 450 వోల్టుల దాకా వెళ్లారు. వారిని మోసగించి, తీవ్ర ఒత్తిడికి గురిచేయడం సమంజసమా అన్న చర్చ నైతిక నియమాలు కఠినతరం కావడానికి దారితీసిన కారణాల్లో ఒకటి. 1971లో ఫిలిప్ జింబార్డో చేపట్టిన స్టాన్‌ఫర్డ్ కారాగార ప్రయోగం ఆరు రోజులకే ఆగింది. కాపలాదారులుగా నటించినవారికి ముందే సూచనలు అందాయన్న ఆధారాలు తర్వాత వెలుగులోకి వచ్చాయి.

ఈ శాస్త్రం తనను తాను పరీక్షించుకుంటోంది. 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన పరిశోధక బృందం 2015లో ఫలితాలు ప్రకటించింది. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో గణాంకపరంగా సార్థకమైన ఫలితం వచ్చింది. రెండోసారి అది 36 శాతానికే పరిమితమైంది. పాశ్చాత్య దేశాల కళాశాల విద్యార్థులపై తేలినదాన్ని మానవాళి మొత్తానికీ అంటగట్టడం సరికాదని 2010లో జోసెఫ్ హెన్‌రిచ్, సహచరులు వాదించారు. ముల్లర్-లయర్ భ్రమ సైతం అన్ని సమాజాల్లోనూ ఒకే మోతాదులో ఉండదని 1966లోనే ఒక గ్రంథం తెలిపింది.

సిద్ధాంతాలన్నీ పడమటి నుంచే వచ్చాయనుకోవడమూ పొరపాటే. 1934 జనవరి 15న బిహార్‌ను కుదిపిన భూకంపం తర్వాత, ప్రకంపన తెలిసినా నష్టం జరగని ప్రాంతాల్లో ఇంకా పెద్ద విపత్తు రానుందన్న వదంతులు వ్యాపించాయి. వాటిని జమునా ప్రసాద్ సేకరించి విశ్లేషించారు. భయపడినవారు మరింత భయపెట్టే మాటలను ఎందుకు నమ్మారు? అప్పటికే ఉన్న భయానికి ఆ వదంతులు సమర్థన కల్పించాయన్న ఆలోచన లియాన్ ఫెస్టింగర్ 1957లో ప్రకటించిన సంజ్ఞానాత్మక వైరుధ్య సిద్ధాంతానికి ఒక ఆధారమైంది.

పరిభాష సమస్య

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఆంగ్ల పాఠ్యపుస్తకం మొదట బరువనిపిస్తుంది. అయితే ఈ రంగంలో తెలుగు పరిభాష ఎప్పుడో స్థిరపడింది. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో శిశు వికాసానికి 30 మార్కులు కేటాయించడంతో పావ్‌లోవ్, పియాజే, కోల్‌బర్గ్ సిద్ధాంతాలు తెలుగులో విస్తృతంగా లభిస్తున్నాయి. రెండు భాషల పదాలనూ పక్కపక్కనే రాసుకున్న విద్యార్థికి నెల రోజుల్లో భయం తగ్గుతుంది.

తనకే ఆపాదించుకునే ప్రమాదం

మానసిక రుగ్మతల పాఠం వచ్చినప్పుడు ప్రతి లక్షణమూ తనలోనో, ఇంట్లోవారిలోనో ఉన్నట్లు తోచడం సహజం. నిర్ధారణకు లక్షణం ఒక్కటే చాలదు. అది ఎంతకాలంగా ఉంది, ఎంత తీవ్రం, చదువునూ పనినీ ఎంతగా దెబ్బతీస్తోంది అన్నవి చూడాలి. ఆ పని శిక్షణ పొందిన నిపుణులది. పాఠం చెప్పే అధ్యాపకుడు వైద్యుడు కాడు, తరగతి చికిత్సా కేంద్రం కాదు. నిజంగా బాధపడుతున్న విద్యార్థి సెమిస్టర్ పూర్తయ్యేదాకా వేచి ఉండనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరులో ఉచితంగా, ప్రాంతీయ భాషల్లోనూ పొందవచ్చు.

డిగ్రీతో ఏం వస్తుంది, ఏం రాదు

బీఏ పట్టాతో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయడానికి వీలు లేదు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద, మండలి గుర్తించిన వృత్తి శిక్షణ పూర్తిచేసి పేరు నమోదు చేసుకున్నవారికే ఆ అర్హత ఉంటుంది. మందులు రాసే సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన వైద్యుడు. దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో మనస్తత్వ శాస్త్రం సహా ఆరోగ్య అనుబంధ కోర్సులు నిర్వహించరాదని 2025లో యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. కాబట్టి ఫీజు కట్టేముందు కోర్సు విధానం, గుర్తింపు, తాజా నిబంధనలు పరిశీలించుకోవడం అవసరం.

నిపుణుల అవసరం మాత్రం తక్కువేమీ కాదు. 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం బాధితులకు చికిత్స అందడం లేదు. పై చదువులకు వెళ్లేవారికి తొలి ఏడాది ఆ దారిలో మొదటి మెట్టు. ఇతర వృత్తుల్లోకి వెళ్లేవారికి మిగిలేది మరొకటి: వార్తలో ఒక సర్వే కనిపించినప్పుడు ఎంతమందిని అడిగారు, ఎలా అడిగారు, వేరే కారణం ఉండదా అని ప్రశ్నించే అలవాటు.