మంజీర సీమ నుంచి దీవుల రేవులకు

కామారెడ్డి జిల్లాకు వాయవ్యాన, మహారాష్ట్ర పొలిమేరను ఆనుకొని ఉన్న నల్లరేగడి సీమ డోంగ్లి. పత్తి, సోయా పండే నేల. తెలుగూ మరాఠీ కలగలిసి వినిపించే ఊళ్లు. మద్నూరు నుంచి విడదీసి దీన్ని ప్రత్యేక మండలం చేస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం 2022 జూలైలో ప్రకటించింది. దానికి నెల ముందు, జూన్ 8న, ఎంప్రెస్ అనే పదకొండు అంతస్తుల విహార నౌక విశాఖపట్నం రేవులో ప్రయాణికులను ఎక్కించుకొని పుదుచ్చేరి, చెన్నైల వైపు సాగిపోయింది. ఎటు చూసినా సముద్రం వందల మైళ్ల దూరాన ఉన్న ఈ సీమకూ ఆ ఓడకూ ఏమిటి సంబంధమని అడగవచ్చు. రెండు వేల ఏళ్ల వెనక నుంచి చూసుకుంటూ వస్తే సంబంధం ఉంది. ఈ నేల సరుకు సముద్రం చూసింది. తరవాత ఈ నేల మనుషులు చూశారు. చూసి, అనుకున్న రోజుకు ఇల్లు చేరడం మాత్రం నిన్న మొన్నటి సంగతి.

మొదట సరుకు సంగతి. మంజీర, గోదావరులు కలిసే ఈ ప్రాంతం బౌద్ధ వాఙ్మయంలోని అస్సక జనపదం. దాని రాజధాని పోదన నేటి బోధనేనని చరిత్రకారుల అభిప్రాయం. క్రీస్తుశకం తొలి శతాబ్దిలో ఎర్రసముద్రం మీదుగా వచ్చిపోయే ఒక గ్రీకు వర్తకుడు రాసిపెట్టిన పెరిప్లస్ అనే నౌకాయాన గ్రంథం పైఠాన్, తేర్ పట్టణాల సరుకు బండ్లకెక్కి, దారీ తెన్నూ సరిగా లేని నేల మీదుగా పడమటి తీరాన ఉన్న భరుకచ్ఛం రేవుకు చేరేదని చెబుతుంది. అటు పడమటి రేవు, ఇటు తూర్పు రేవు, నడుమ దక్కను. మంజీర ఎగువన కొండాపురంలో శాతవాహనుల టంకశాల బయటపడింది, రోమను నాణేలూ దొరికాయి. యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపల ఓడ బొమ్మతో నాణెం వేయించాడంటే రాజ్యపు సంపదలో సముద్రం వాటా ఎంతో ఊహించుకోవచ్చు. తూర్పు తీరాన టాలెమీ పేర్కొన్న కంటకశైల మన ఘంటసాల. బంగారు భూమిగా పేరుపడ్డ ఆగ్నేయాసియాకు ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటును ఆయన ఆ ప్రాంతంలోనే గుర్తించాడు. అక్కడి శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. రాజుల పేర్లు వేలల్లో మిగిలిన మన చరిత్రలో ఒక నావికుడి పేరు రాతి మీద నిలవడం అపురూపం. తెలుగువారి దీవుల ప్రయాణానికి ఒక ఆదిపురుషుణ్ణి చెప్పుకోవాలంటే నేను అతణ్ణే చెప్తాను.

వెయ్యేళ్లు దాటి కాకతీయుల కాలానికి వస్తే, 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ సరుకంతా రాజు ఖజానాకే పోయేది. ప్రాణాలకు తెగించి సంపాదించిన సొమ్ము వర్తకుడికి ప్రాణం కన్నా ప్రియమని, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన మాట ఇచ్చాడు. నేడు విహారయాత్రకు టికెట్టు కొంటూ ప్రయాణ బీమా కాగితం మీద సంతకం పెట్టేవారు ఆ శాసనాన్ని ఒకసారి తలుచుకోవచ్చు. సముద్రం మీద నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న అంత పాతది. ఆ శతాబ్ది చివర మార్కోపోలో ఇక్కడి సన్నని నేతబట్టను మెచ్చుకున్నాడు. గోల్కొండ సుల్తానుల నాటికి మచిలీపట్నం పెద్ద రేవైంది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ కాలుమోపారు. కలంకారీ, నేత వస్త్రాలు సుమత్రా కొసన ఉన్న ఆచే దాకా, జావా దాకా పోయి, లవంగాలు, జాజికాయలు తిరిగొచ్చేవి. అదే కాలంలో నిజామాబాదు దగ్గరి కోనసముద్రం కమ్మరులు కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి దగ్గరుండి కొనుక్కుపోయేవారు. డోంగ్లికి ఒక పూట ప్రయాణంలో ఉన్న ఊరి ఉక్కు పశ్చిమాసియా కత్తుల ఒరల్లోకి ఎక్కింది. ఆ కొలిమి వెలిగించిన వాళ్లు మాత్రం ఊరు దాటి ఉండరు.

మనుషులు కదలడం మొదలైన కాలం మంచి కాలం కాదు. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడికి తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి ముందు నడిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో అండమాన్‌కు పంపారు. నిజాం రాజ్యపు జనానికి ద్వీపమంటే తొలిసారి తెలిసింది అలా, కాలాపానీగా. మన్యం తిరుగుబాటులో అల్లూరి అనుచరుడైన గాం మల్లుదొరా, కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకర వెంకటాచార్యులూ తరవాతి కాలంలో అదే దారిన వెళ్లారు. వారిద్దరూ తిరిగి వచ్చారు. మల్లుదొర 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు కూడా ఎన్నికయ్యాడు. శిక్ష కాని ప్రయాణం కూలి ప్రయాణం. 1830ల నుంచి కోరంగి రేవు మీదుగా మారిషస్ చెరకు తోటలకు జనం పోయారు, అక్కడ తెలుగువారికి ఆ రేవు పేరే స్థిరపడింది. 1839 నవంబరు తుపాను కోరంగిని తుడిచిపెట్టినా పోయేవాళ్లు ఆగలేదు, రేవు మారిందంతే. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి దక్షిణాది కూలీలు వెళ్లారు. అక్కడి ఒప్పందం అయిదేళ్లు. అయిదేళ్లకు తిరిగి రావాలంటే ఓడ ఖర్చు తమదే, పదేళ్లు ఉంటే దొరలది. ఆ లెక్కలో పడి ఎంతమంది అక్కడే ఉండిపోయారో నేటి ఫిజీ తెలుగు ఇళ్లను చూస్తే తెలుస్తుంది. ఉష్ణమండల దీవులకు తెలుగువారు తొలిసారి గుంపులుగా చేరిన చరిత్ర ఇది. విహార నౌకల ప్రకటనల్లో కనిపించే కొబ్బరి చెట్ల వెనక ఈ తోటలున్నాయి.

ఈ వలసల్లో ఎక్కువమంది కోస్తావాళ్లు. నిజాం రాజ్యంలోని ఈ మూలకు సముద్రాన్ని దగ్గర చేసింది రైలు. హైదరాబాదు నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ రైలుమార్గం 1901 నాటికి పూర్తయింది. కామారెడ్డి, నిజామాబాదు, ధర్మాబాద్ స్టేషన్లు దాని మీదివే. మన్మాడ్‌లో బండి మారితే బొంబాయి. డోంగ్లి వైపు జనానికి ఈ నాటికీ సముద్రమంటే విశాఖ కన్నా ముందు బొంబాయే. కట్టడాల పనికి, మిల్లుల పనికి పోయినవారు అక్కడ రేవు చూశారు. హజ్‌కు పోయే ముస్లిం కుటుంబాలు మొగల్ లైన్ ఓడలెక్కింది అక్కడే. 1995తో ఓడ మీద హజ్ ముగిసి విమానాలే మిగిలాయి. బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు తిరిగిన ద్వారక ఓడ 1982లో సెలవు తీసుకుంది. అప్పటికే 1970ల నుంచి ఈ జిల్లాల నుంచి దుబాయ్, మస్కట్ వలస ఊపందుకుంది. కష్టంతో నిండిన ఆ వలస వల్ల ఒక మార్పు వచ్చింది: పల్లెటూరి ఇంట్లో పాస్‌పోర్టు ఉండటం వింత కాకుండా పోయింది.

ఓడల చేతి నుంచి ప్రయాణికులను లాక్కున్న విమానమే విహార నౌకను పుట్టించిందనవచ్చు. 1958 తరవాత జెట్ విమానాలు అట్లాంటిక్‌ను గంటల్లో దాటించడంతో పెద్ద ఓడలకు పని పోయింది. గమ్యం చేర్చడంలో విమానంతో పోటీ పడలేనప్పుడు ప్రయాణాన్నే అమ్మాలని కొందరికి తోచింది. విహారానికే కట్టిన ఓడను జర్మన్లు 1900లోనే నీటిలోకి దించినా, అది ధనికుల ముచ్చట. 1966 చివర టెడ్ ఏరిసన్, క్నుట్ క్లోస్టర్ కలిసి సన్‌వర్డ్ ఓడను మయామీ నుంచి బహమాస్‌లోని నాసావుకు వారం వారం నడపడంతో మధ్యతరగతికి తలుపు తెరుచుకుంది. 1972లో ఏరిసనే కార్నివాల్ సంస్థను మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో మూలసూత్రం ఒకటే: ఎక్కిన రేవులోనే దిగడం. ఫిజీ కూలీకి పదేళ్ల తరవాత గాని దక్కని తిరుగు ప్రయాణం ఇక్కడ టికెట్టు ధరలోనే కలిసి ఉంటుంది.

మన తీరాన ఈ కథ మరో రకంగా నడిచింది. విశాఖ రేవులోకి 1933 అక్టోబరులో తొలిగా జలదుర్గ అనే ఓడ వచ్చింది. వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదలతో 1941లో అక్కడ నౌకా నిర్మాణశాలకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో అక్కడ కట్టిన జల ఉష ఓడను నెహ్రూ నీటిలోకి వదిలారు. లక్షదీవులకు తిరిగే కవరత్తి ఆ శాలలో తయారైనదే. విశాఖ నుంచి అండమాన్‌కు రెండున్నర రోజుల దారి. బంకు టికెట్టు కొని, సత్తు గిన్నెలు, చద్దిమూటలతో ఎక్కే మత్స్యకార కుటుంబాలు దాన్ని విహారమని ఏనాడూ అనుకోలేదు. అయినా తెలుగువారు తమ డబ్బుతో, తమ ఇష్టంతో దీవులకు పోయి వచ్చిన తొలి దారి అదేనని నా అభిప్రాయం. 1981లో కౌలాలంపూర్‌లో, 1990లో మారిషస్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు ఇక్కడి పండితులు విమానంలో వెళ్లి కూలీల మునిమనవళ్లను కలుసుకున్నారు.

1990 తరవాతి కాలం వేగంగా గడిచింది. సింగపూర్ కేంద్రంగా స్టార్ క్రూయిజెస్ పెనాంగ్, ఫుకెట్ దీవులకు ఓడలు నడిపితే హైదరాబాదు ట్రావెల్స్ వాళ్లు సింగపూర్, మలేషియా టూరులో రెండు రాత్రులు ఓడను కలిపి అమ్మారు. అమెరికాలో స్థిరపడ్డ పిల్లలు తల్లిదండ్రులను డాలస్, హ్యూస్టన్‌ల నుంచి గాల్వెస్టన్ రేవుకు, ఫ్లోరిడా నుంచి బహమాస్‌కు తీసుకెళ్లడం ఆనవాయితీ అయింది. ఎంప్రెస్ ప్రస్థానం ఈ చోట చెప్పుకోదగినది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మయామీ–బహమాస్ చిన్న యాత్రల కోసం కట్టిన ఆ ఓడే చేతులు మారి, కార్డీలియా సంస్థ పేరున 2021లో ముంబయికి, మరుసటి ఏడు విశాఖకు వచ్చింది. ఆ తొలి యాత్రలో పుదుచ్చేరిలో దిగడానికి అనుమతి దొరకలేదు, ఓడలోని జూదశాల మీద వచ్చిన అభ్యంతరాల వల్ల. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకలోని హంబన్‌తోట, త్రికోణమలై, కాంకేసంతురై రేవులకు సాగింది. ఆ సెప్టెంబరులో విశాఖలో సుమారు 96 కోట్ల రూపాయల క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది.

ఇంత మారినా మారనిది గాలి. అరేబియా సముద్రం జూన్‌లో అల్లకల్లోలమై సెప్టెంబరు దాకా ఊరుకోదు. భరుకచ్ఛం నావికుడు ఎదురు చూసిన రుతువు కోసమే ముంబయి ఓడ సంస్థా ఎదురు చూస్తుంది. అందుకే ఎంప్రెస్ వానకాలంలో తూర్పు తీరానికి వస్తుంది, అక్టోబరు నుంచి మే దాకా ముంబయి, కొచ్చిల నుంచి లక్షదీవుల వైపు తిరుగుతుంది. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. కోరంగిని ముంచిందీ, 1864లో మచిలీపట్నంలో సుమారు 30 వేల ప్రాణాలు తీసిందీ నవంబరే. కరేబియన్‌కు జూన్ మొదలు నవంబరు ఆఖరు దాకా హరికేన్లు.

ఇవన్నీ ఎరిగిన కుటుంబం డోంగ్లిలో కూర్చుని దీవుల యాత్ర తలపెడితే ముందు పంట లెక్క చూసుకోవాలి. విశాఖ ఓడ వచ్చే జూన్, జూలై విత్తనాల వేళ. లక్షదీవుల ఓడలు మొదలయ్యే అక్టోబరు నుంచి పత్తి తీత. చేను ఖాళీ అయ్యి, పిల్లలకు సెలవులు దగ్గరపడే ఏప్రిల్ మిగులుతుంది, ఎండ ఉన్నా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. లక్షదీవులకు భారతీయులకూ ప్రవేశ అనుమతి కావాలి, కాబట్టి ఆధార పత్రాలు ముందే ఇవ్వాలి. సింగపూర్ నుంచి ఎక్కితే ఓడ బయటకు పోయి తిరిగి వస్తుంది గనుక ఒకటికి మించి ప్రవేశాలున్న వీసా ఉండాలి. మలేషియాకు 2023 డిసెంబరు నుంచి మన పాస్‌పోర్టు మీద వీసా అక్కర్లేదు. అమెరికాలో కొడుకు దగ్గరికి పోయి ఎక్కాలనుకునేవారు కొడుకు వీసా ముద్ర గడువు కూడా చూడాలి. గడువు దాటిన హెచ్‌1బీ ముద్రతో కరేబియన్ దీవికి పోతే తిరిగి అడుగుపెట్టడం చిక్కు. ప్రకటనలో కనిపించే ధర ఇద్దరు ఒక గదిలో ఉంటే తలకు పడే ధర. రేవు రుసుము, పన్ను, సిబ్బందికిచ్చే బక్షీసు తరచు విడిగా వస్తాయి. ఇంట్లో వండిన అన్నం ఓడెక్కనివ్వరు, పచ్చడి సీసా సంగతి సంస్థను ముందే అడగడం మేలు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగలకపోతే నిజామాబాదు కేంద్రంలో కొత్తదానికి దరఖాస్తు పెట్టాలి; ఏప్రిల్ ప్రయాణానికైతే ఆ పని దసరా లోపు తెమిలితే సంక్రాంతికి గదులు మాట్లాడుకోవచ్చు.