పేరులో దాగిన దారి

కోడెకు విత్తులు కొట్టించి ఎద్దుగా మార్చుట మన పల్లెలకు తెలిసిన పనియే. అట్లు చేయనిది ఆబోతు. మగగుఱ్ఱములకును ఈ పని చేయుట కలదు. అట్టి గుఱ్ఱమునకు ఐరోపా భాషలలో ఉన్న పేర్లను పరిశీలించినచో ఒక చరిత్ర బయటపడును.

ముందుగా ఈ పని ఎందుకో చూతము. మగగుఱ్ఱము ఆడుగుఱ్ఱము కంటబడినచో రౌతు మాట వినదు. తోటి మగగుఱ్ఱముతో కలియబడును. వృషణములు తీసివేసినచో ఈ ఉద్రేకము తగ్గును. అప్పుడు అనేక గుఱ్ఱములను ఒకేచోట కట్టవచ్చును. సంచారజాతులకు, సైన్యములకు ఇది గొప్ప సౌకర్యము. దీనికి కారణము మాత్రము చాలకాలము తెలియలేదు. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల వృషణములను తీసి, కొన్నింటి కడుపులో తిరిగి అమర్చెను. అవి మామూలు పుంజులవలెనే కూసినవి, పోట్లాడినవి. వృషణములు రక్తము ద్వారా శరీరముపై పనిచేయునని అతడు గ్రహించెను. అట్లు పనిచేయు టెస్టోస్టిరోన్ అను హార్మోనును 1935లో ఆంస్టర్‌డాంలో లాకర్ బృందము ఆబోతు వృషణములనుండి వేరుచేసినది.

ఇక పేర్లు. ఇంగ్లీషులో ఈ గుఱ్ఱమును 'గెల్డింగ్' అందురు. ఇది గొడ్డు అను అర్థముగల ప్రాచీన నార్సు పదమునుండి వచ్చినది. ఫ్రెంచిలో దీనిని 'ఓంగ్ర్' అందురు, అనగా హంగేరీది. జర్మనులో 'వాలఖ్', అనగా నేటి రుమేనియాలోని వలేకియాది. రష్యనులో 'మేరిన్', మంగోలు భాషలో 'మొరిన్' అనగా గుఱ్ఱము. ఈ మూడు భాషలవారును తమకు తూర్పుననున్న వారి పేరునో మాటనో ఈ గుఱ్ఱమునకు పెట్టుకొనిరి.

మఱి హంగేరీయే ఈ పనికి పుట్టినిల్లా? కాదు. నల్లసముద్రమునకు ఉత్తరముననున్న శకులు, సర్మేషియనులు గుఱ్ఱములు లొంగియుండుటకై వృషణములు తీయుదురని సుమారు 2,000 సంవత్సరముల క్రిందటనే గ్రీకు భూగోళజ్ఞుడు స్ట్రాబో వ్రాసెను. ఇంకను తూర్పున, సైబీరియాలోని ఆల్టాయి పర్వతములలో పజిరిక్ సమాధులు కలవు. వీటి త్రవ్వకములు 1929లో ప్రారంభమైనవి. సమాధులలో నీరు గడ్డకట్టియుండుటచే సుమారు 2,300 సంవత్సరముల నాటి గుఱ్ఱముల కళేబరములు చెడక నిలిచినవి. వాటిలో వృషణములు తీసిన గుఱ్ఱములు కనబడినవి. హంగేరీయులు మధ్య ఐరోపాకు వచ్చినది వీటికి వెయ్యి సంవత్సరముల పైబడిన తరువాతనే.

కావున 'ఓంగ్ర్' అను పదము ఈ పనిని మొదట చేసినవారెవరో చెప్పుటలేదు; ఫ్రెంచివారు దానిని ఎవరితో ముడిపెట్టిరో చెప్పుచున్నది. ఆచారము వచ్చిన దిక్కును పదము చూపినది. దాని వయస్సును త్రవ్వకములు చూపినవి. చరిత్రకు రెండు సాక్ష్యములును కావలసినవే.